తలుపు తెరిస్తే టేపు తిరగాలి

ఏప్రిల్ 4

నన్నే తీసుకున్నారు.

మళ్లీ రాస్తున్నాను. నన్నే తీసుకున్నారు. ఇంట్లో చెబితే మా ఆవిడ "అలాగా, మంచిది, గ్యాస్ అయిపోయింది" అంది. కళ్లజోళ్ల షాపులో రోజంతా నిలబడి వచ్చిన మనిషి, తప్పు పట్టను. కానీ ఇంత సంగతి ఎవరికో ఒకరికి అరిచి చెప్పకపోతే నాకు అన్నం అరగదు. అందుకే ఈ డైరీ తీశాను. దీనికి గ్యాస్ గొడవ లేదు.

పన్నెండేళ్లప్పుడు మొదటిసారి విన్నాను, అందరూ పురికొస అని పిలిచే ఆయన గిటారు. పక్కింటివాళ్ల రేడియోలో, గోడ అవతల నుంచి. గోడకి చెవి ఆనించి నిలబడ్డాను, మా అమ్మ వచ్చి చెవి పట్టుకుని లాక్కెళ్లేదాకా. ఇప్పుడు ఆయన నిలబడిన చోట నేను నిలబడాలి. ఆయన పోయి పదేళ్లు దాటింది. ఆయన గ్రూపు మాత్రం ఆగలేదు. నాకంటే ముందు ఇంకొకతను ఆరేళ్లు వాయించాడు, మానేశాడు. ఎందుకు మానేశాడో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. బంగారు పళ్లెంలో పెట్టి ఇస్తుంటే పళ్లెం ఎవరిదని అడుగుతామా?

సరిగ్గా సంతోషపడింది మా పిచ్చుక ఒక్కతే. "అయితే నాన్నా, టీవీలో వస్తావా?" అంది. ఎనిమిదేళ్ల పిల్లకి ఉన్న ఇంగితం ఇంట్లో ఇంకెవరికీ లేదు.

ఏప్రిల్ 9

మొదటి రోజు.

టైర్ల షాపు మీద మేడగది. మెట్లెక్కుతుంటేనే రబ్బరు వాసన గొంతు పట్టుకుంటుంది. తలుపు మీద ఎర్ర బల్బు ఉంది. నేను తలుపు తోయగానే అది వెలిగింది. మూలనున్న పాత టేపు మిషన్ చక్రాలు తిరగడం మొదలుపెట్టాయి.

"కంగారు పడకండి" అన్నాడు సౌండతను. "తలుపు తెరిస్తే టేపు తిరగాలి. ఆయన పెట్టిన రూలు. మంచి పాట మనం సిద్ధంగా లేనప్పుడే వస్తుందనేవారు."

"ఇప్పటికీ అలాగేనా?"

"ఇప్పటికీ అంతే. మేం తుమ్మినా దాంట్లో ఉంటుంది."

గోడలకి చెవులుంటాయంటారు. ఈ గోడలు విని ఊరుకోవు, దాచిపెడతాయి కూడా. గది ఒక పక్కంతా ఇనుప బీరువాలు, నిండా టేపు డబ్బాలు. ఒక్కదాని మీద కూడా తేదీ లేదు, పేరు లేదు. అదీ ఆయన రూలేనట. "పాటకి పుట్టినరోజేమిట్రా, కేకు కోస్తావా అని తిట్టేవాడు వాడు" అన్నాడు డ్రమ్ములాయన. గ్రూపుకి ఇప్పుడు పెద్ద ఈయనే. పురికొసని వాడు, వీడు అనగలిగిన మనిషి లోకంలో ఈయనొక్కడే మిగిలాడు.

"మరి ఏది ఎప్పటిదో ఎలా తెలుస్తుంది?"

"వదినకి తెలుస్తుంది."

వదినంటే పురికొస భార్య. వయసుకి నాకు పిన్నిలా ఉంటుంది. అందరూ వదిన అంటారు కాబట్టి నేనూ అదే అన్నాను. కిటికీ పక్క సోఫాలో కూర్చుని, రోజూ ఒక డబ్బా తీయించుకుని, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుంటుంది. ఆయనదనిపిస్తే వేలు ఎత్తుతుంది. ఆయన పోయిన రోజున ఏటా జరిగే కచేరీలో కొత్తగా దొరికిన పాటంటూ వినిపించేది ఆ వేలు ఎత్తినదే. పోయినేడాది దొరికిన పాటని నేను నెల రోజులు వదల్లేదు. అది ఇక్కడే, ఈ బీరువాల్లో దొరికిందా అని చేత్తో తడిమి చూశాను.

ఆయన గిటారు నా చేతికిచ్చారు. పట్టీ బదులు పురికొసే ఉంది. మొదటి కచేరీలో పట్టీ తెగిపోతే, సంచికి కట్టిన పురికొస విప్పి గిటారుకి కట్టుకుని వాయించాడట. ఆ పేరే మిగిలింది. అసలు పేరు అడిగితే అభిమానులు కూడా బుర్ర గోక్కుంటారు.

రబ్బరు వాసనకి రెండుసార్లు దగ్గాను. డ్రమ్ములాయన, వదిన ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత గుర్తొచ్చింది. పురికొస టేపులన్నీ రెండు దగ్గులతోనే మొదలవుతాయి కదా. సిగ్గేసింది, వెక్కిరించాననుకున్నారేమో! వేళ్లు వేడెక్కడానికి ఏదో కాసేపు వాయించి, పనిలో పడ్డాను.

ఏప్రిల్ 17

ఆయనకి పేరు తెచ్చిన వంతెన పాటలో సోలో చివర ఆయన వేలు జారింది. రికార్డింగులో, ముప్పై ఏళ్ల కిందట. ఒక తప్పు స్వరం పడింది. అలాగే విడుదల చేశారు. ఇప్పుడు జనం టిక్కెట్టు కొనుక్కుని వచ్చేది ఆ తప్పు కోసం. నేను పొద్దున్నుంచీ దాన్ని సరిగ్గా వాయిస్తున్నానని తిట్లు తింటున్నాను.

సరే, తప్పు వాయించాను. అదీ నచ్చలేదు.

"నువ్వు కావాలని తప్పు చేస్తున్నావు" అన్నాడు డ్రమ్ములాయన. "వాడు కావాలని చెయ్యలేదు. నీకూ తెలియకుండా జారాలి."

తెలియకుండా జారడం ఎలా నేర్చుకుంటారు? మ్యూజిక్ స్కూల్లో పదిహేనేళ్లుగా పిల్లల తప్పులు దిద్దినవాణ్ణి. ఇప్పుడు నేనే తప్పు నేర్చుకోవాలట.

ఏప్రిల్ 18

జారింది. దానంతట అదే. వదిన కళ్లు తుడుచుకుంది.

ఏప్రిల్ 26

పొద్దున్న పిచ్చుకకి జడ వేశాను. మా ఆవిడ షాపుకి ముందే వెళ్లాలి కాబట్టి జడ నా డిపార్టుమెంటు. ఒకటో తరగతిలో ఇది ఒక్క క్షణం కుదురుగా కూర్చునేది కాదు. అందుకని ఈల వేస్తూ అల్లేవాణ్ణి. పాయకో తాళం దెబ్బ, మూడు పాయలకి మూడు దెబ్బలు. అల్లిక ఎటు పోతే పాట అటు పోయింది. చివరికి వచ్చేసరికి రిబ్బను నా పళ్ల మధ్య ఉంటుంది, ఈల ఆగిపోతుంది. ముడి వేసి నోరు ఖాళీ అయ్యాక ఆఖరి ముక్క వేస్తాను. ఆ ఆగిన చోట పిచ్చుక ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది. ఆఖరి ముక్క రాగానే లేచి తుర్రుమంటుంది.

నేను కట్టిన పాటలు రెండు సంచుల నిండా ఉన్నాయి. ఎవరూ వినలేదు. ఎవరికీ వినిపించలేదని చెప్పుకుంటూ ఉంటాను, కానీ నిజం అది కాదు. వినిపించాను, వాళ్లు విననేలేదు. ఈ ఒక్క పాటకే ఒక మనిషి ఉంది, రోజూ పొద్దున్నే దీని కోసం తల వంచి కూర్చునే మనిషి. నాకది చాలు అనుకుంటే కళ్లల్లో నీళ్లొచ్చాయి. వయసు మీద పడుతోంది.

మా ఆవిడ చెప్పులు వేసుకుంటూ "ఏంటి, దగ్గుతున్నావు?" అంది. ఆ టైర్ల వాసన పడటం లేదు, అంతే.

మే 6

పెద్ద హాల్లో మొదటి కచేరీ. ముందు వరసల్లో అందరి మణికట్లకీ పురికొస ముక్కలు. వంతెన పాటలో వేలు జారగానే హాలంతా లేచి నిలబడింది. అలాంటి చప్పుడు నా జన్మలో వినలేదు. నా ఒళ్లు నాకు తెలియలేదు.

అయ్యాక ఒకాయన తోసుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. "కళ్లు మూసుకుంటే మీరు అస్సలు లేరు సార్!" అన్నాడు.

పొగడ్తే కదా. చాలా పెద్ద పొగడ్త.

మే 13

నాకంటే ముందు వాయించినతన్ని చూసి వచ్చాను. సౌండతను ఆచూకీ చెప్పాడు. బస్టాండు వెనక సందులో తాళాలు బాగుచేస్తాడట. వేలు జారడం అతను ఎలా సాధించాడో అడుగుదామని వెళ్లాను. ఇప్పుడు నాకు దానంతట అదే జారుతోంది, ఇంక అడగడానికేం ఉందని దారిలో అనిపించింది. అయినా వెళ్లాను.

చిన్న డబ్బా కొట్టు. గోడ నిండా తాళం చెవులు. ఆకురాయితో ఒక చెవిని అరగదీస్తున్నాడు. నేనెవరో చెప్పాను. తల ఎత్తకుండానే స్టూలు జరిపాడు.

"వదిన బాగున్నారా?"

"బాగున్నారు. పోయినేడాది దొరికిన పాటంటే నాకు చాలా ఇష్టమండీ" అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని.

ఆకురాయి ఆగింది. "మెల్లగా కుంటుతూ మొదలవుతుంది, అదేనా?"

"అదే."

"మా అమ్మ మీద కట్టాను. మోకాళ్లు పట్టేశాయి ఆవిడకి. కుర్చీ పట్టుకుని వరండాలో నడిచేది. ఆ కుర్చీ కాళ్ల చప్పుడే అది." చెబుతూనే నా మొహంలోకి చూసి నవ్వేశాడు. "లేదులెండి. ఆయనదే. ఊరంతా ఆయనదే అంటుంటే నేనొక్కణ్ణి కాదంటే బాగుంటుందా? అప్పుడప్పుడు అలా తికమకపడుతుంటాను."

ఊరికే వచ్చాననుకుంటాడని మా ఇంటి తాళం చెవికి ఇంకో జత చెయ్యమన్నాను. చేసి ఇస్తూ, గొంతు తగ్గించాడు.

"మీదంటూ ఏదైనా పాట ఉంటే దాన్ని ఆ గదిలోకి తీసుకెళ్లకండి. వేళ్లు వేడెక్కడానికి కూడా వాయించకండి."

"ఇప్పుడు మీరు వాయిస్తున్నారా?"

"ఏం వాయించినా ఆయనదే వస్తుంది. తాళాలే నయం. ఒక్కోటి ఒక్క తలుపే తెరుస్తుంది."

సందు మలుపు తిరుగుతుంటే కొట్లోంచి దగ్గు వినిపించింది, రెండుసార్లు. ఇనుప రజను ఎగిరే చోట ఎవరికైనా దగ్గొస్తుంది.

మే 14

జడ పాట ఆ గదిలో వాయించను. ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

మే 22

వాయించలేదు.

జూన్ 8

మధ్యాహ్నం వదిన వేలు ఎత్తింది.

అందరూ పనులు వదిలేసి సోఫా చుట్టూ చేరారు. ఈ ఏటి పాట దొరికిందని సౌండతను స్పీకర్లకి కలిపాడు. ముందు రెండు దగ్గులు. డ్రమ్ములాయన పెదాలు కదిలాయి, ఆ దగ్గులతో పాటు. తర్వాత గిటారు.

జడ పాట.

మూడు దెబ్బలు, మూడు దెబ్బలు, అల్లుకుంటూ కిందికి. నా వీపు మీద ఎవరో చల్లటి అరచెయ్యి పెట్టినట్టయింది. చివరికి వస్తోంది. ఆగకూడదు, ఆగకపోతే ఇది ఇంకేదో పాట, పోలికే అని మొక్కుకుంటూ నిలబడ్డాను. ఆగింది. రిబ్బను ముడి వేసేంత సేపు ఆగింది. ఆఖరి ముక్క వచ్చింది.

"ఆ ఆగడం చూశావా!" డ్రమ్ములాయన తొడ చరుచుకున్నాడు. "వాడు కాక ఇంకెవడు ఆగుతాడు అక్కడ?"

"ఇది నాది" అన్నాను.

మిషన్ చక్రాలు తిరుగుతున్నాయి.

"నాదండీ. మొదటి రోజు గిటారు ఇవ్వగానే వేళ్లు వేడెక్కడానికి వాయించాను. ఇదే అయి ఉంటుంది. ఆ దగ్గులు కూడా నావే, రబ్బరు వాసనకి." సౌండతని వైపు తిరిగాను. "మీరైనా చెప్పండి."

అతను నేల చూపులు చూశాడు. "డబ్బా మీద ఏమీ లేదు సార్. నేనెలా చెప్పను?"

"ముందున్నవాడూ ఇలాగే అన్నాడు" అన్నాడు డ్రమ్ములాయన. కోపంగా కాదు, జాలిగా. "వాడి గిటారు పట్టుకుంటే అలాగే అనిపిస్తుందిరా అబ్బాయ్. ఏం కాదు, టీ తాగు."

వదిన నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నా ఎడమచేతి వేళ్లు ఒక్కొక్కటే నిమిరింది. ఆవిడకి పిచ్చుక సంగతి, మూడు పాయల సంగతి, పళ్ల మధ్య రిబ్బను సంగతి అంతా చెప్పాను. ఏమీ దాచుకోలేదు. అదే పొరపాటేమో.

ఆవిడ కళ్లు మెరిశాయి. "అవును నాయనా" అంది. "నా జడ కూడా రోజూ ఆయనే వేసేవారు."

జూన్ 9

మా ఆవిడకి చెప్పాను. స్పందన లేదనుకునే మనిషి గరిటె విసిరికొట్టింది.

"ఆవిడకి జడ వేసేవాడా? ఎప్పుడు?" అంటూ నా అలమరలోంచి పురికొస పాత రికార్డులన్నీ నేల మీద పరిచింది. అట్టల మీద వాళ్లిద్దరి ఫోటోలు బోలెడు. షాపులో వాడే భూతద్దం తెచ్చి ఒక్కొక్కటీ చూసింది. "ఇదిగో పెళ్లైన ఏడు. ఇదిగో మొదటి రికార్డు. ఇదిగో వానలో. చూడు, ఈవిడ జుట్టు ఎక్కడైనా చెవి దాటిందా? ఎప్పుడూ కత్తిరించిన జుట్టే. దేన్ని అల్లాడు, గాలినా?"

"ఫోటోలు తీయనప్పుడు పొడుగ్గా ఉండి ఉండొచ్చుగా" అన్నాను.

భూతద్దం పక్కన పెట్టేసింది. "నువ్వు ఎవరి తరఫున మాట్లాడుతున్నావు?"

తెలియదు. నిజంగా తెలియదు. ఆవిడ మొహం చూస్తే అబద్ధం ఆడుతున్నట్టు లేదు, అంతే నేను చెప్పదలచుకున్నది.

జూన్ 12

డ్రమ్ములాయన్ని ఇంటి దగ్గర కలిశాను. ఈ పాట ఒక్కటీ వద్దన్నాను, ఇంకేదైనా వినిపించమన్నాను. ఆయన కుండీలకి నీళ్లు పోస్తూ విన్నాడు.

"నీదనే అనుకుందాం. పోనీ ముందున్నవాడిది కూడా వాడిదే అనుకుందాం. మరి అంతకు ముందు ఏడాదిది ఎవరిది? దాని ముందుది? తేదీలేమైనా ఉన్నాయా వెతకడానికి?" నీళ్ల డబ్బా కింద పెట్టాడు. "పదేళ్లుగా ఆ మనిషి ఏటా ఒక్కసారి మొగుడి గొంతు వింటోంది. దాని కోసమే లేస్తోంది, తింటోంది. వెళ్లి చెప్పు, ఇన్నాళ్లూ నువ్వు విన్నది వచ్చేపోయేవాళ్ల దగ్గులని. నాకు ధైర్యం లేదు, నువ్వు చెప్పు."

గేటు వైపు నడిచాను.

"పరిచయం నువ్వే చెయ్యాలి స్టేజీ మీద" అన్నాడు గేటు దాకా వచ్చి. "వారసుడివి నువ్వే. వదినే అడిగింది."

వారసుడట. గోడకి చెవి ఆనించి నిలబడ్డ పిల్లాడికి ఆ మాట వినిపిస్తే ఎగిరి గంతేసేవాడు. నేనూ వేశాను, లోపల్లోపల. ఇది కూడా రాసుకోవాలి.

జూన్ 15

"ఎవరితోనూ పోట్లాడొద్దు" అంది మా ఆవిడ పొద్దున్న. "వదిన సంగతి, గ్రూపు సంగతి నాకొద్దు. మైకు ఇచ్చినప్పుడు ఒక్క మాట చెప్పు, ఇది మా అమ్మాయి జడ పాట అని. నమ్మితే నమ్ముతారు, లేకపోతే లేదు. పిచ్చుక ముందు చెప్పావా లేదా, నాకదే కావాలి."

చెప్తానన్నాను. ఒట్టు వేశాను.

"దగ్గుకి మందు వేసుకోవా?" అంది. జలుబు చేసింది, తగ్గిపోతుంది.

జూన్ 19

ఒక ఆలోచన వచ్చింది. రాయడానికి భయంగా ఉంది.

చిన్నప్పుడు పక్కింటి రేడియోలో విన్నది ఏ పాట? వంతెన పాటనే చెప్పుకుంటూ వచ్చాను ఇన్నేళ్లూ. కానీ వంతెన పాట అప్పటికి వచ్చిందా? గోడ అవతల నుంచి మాటలు వినపడవు, దెబ్బ ఒక్కటే వినపడుతుంది. మూడు దెబ్బలు, మూడు దెబ్బలు. మధ్యలో ఆగింది కూడా. మా అమ్మ చెవి పట్టి లాగినప్పుడు ఆగిందని ఇన్నాళ్లూ అనుకున్నాను.

లేదు. లేదు. ఇది పిచ్చుక జడ. నా కళ్ల ముందు పుట్టింది.

నా కళ్ల ముందే పుట్టింది కదా?

జూన్ 24

కచేరీ అయింది.

సాయంత్రం ఇంకా వెలుతురు ఉండగానే హాలు నిండిపోయింది. మొదటి వరసలో మా ఆవిడ, పిచ్చుక. పిచ్చుకకి రెండు జడలు వేశాను ఇవాళ, పసుపు రిబ్బన్లతో. పాట రెండుసార్లు ఈల వేయాల్సి వచ్చింది. రెండోసారి వేస్తుంటే మధ్యలో దగ్గొచ్చింది. "కానీ నాన్నా, ఆగకు" అంది.

వదిన స్టేజీ పక్కన కుర్చీలో కూర్చుంది. తెల్లబడ్డ జుట్టు, చెవుల దాకా కత్తిరించి ఉంది. చేతిలో చిన్న పురికొస ముక్క పట్టుకుని నలుపుతోంది.

పాటలన్నీ అయ్యాక దీపాలు తగ్గించి టేపు పెట్టారు. రెండు దగ్గులు. జనం ఊపిరి బిగబట్టారు. జడ పాట. నేను మొదటి వరసే చూస్తున్నాను. పిచ్చుక మొదట అర్థం కానట్టు చూసి, తర్వాత నవ్వి, పక్కనున్న ఆవిడకి నన్ను చూపించి ఏదో చెప్పింది. పాట ఆగిన చోట చెయ్యి వెనక్కి పెట్టి తన జడ కొసన రిబ్బను పట్టుకుంది. ఆఖరి ముక్క వచ్చేదాకా పట్టుకునే ఉంది.

ఏడవనివాడు లేడు హాల్లో. డ్రమ్ములాయన మైకు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

చెప్పేవాణ్ణి. మాట నోటిదాకా వచ్చింది. ఇది మా అమ్మాయి జడ పాట. నాలుగు ముక్కలు, నేను చాలాసార్లు మనసులో అనుకున్నాను కూడా. మైకు పైకెత్తాను. గొంతులో ఏదో అడ్డం పడి దగ్గొచ్చింది. ఇంకోసారి దగ్గాను. అంతే, హాలు హాలంతా గొల్లున లేచింది. ఈలలు, కేకలు, ఆయన పేరు. వాళ్లు నన్ను పిలుస్తున్నారు ఆ పేరుతో. వదిన కుర్చీలోంచి లేచి నిలబడింది. నన్ను చూస్తోంది. ఏ మనిషీ నన్ను అలా చూడలేదు, మా అమ్మ చూడలేదు, మా ఆవిడ కూడా చూడలేదు.

"ఇది ఆయనది" అన్నాను.

ఎంత సుఖంగా ఉందో చెప్పలేను. బరువు దించినట్టు ఉంది. మొదటి వరస వైపు మళ్లీ చూడలేదు. దీపాలు కళ్లలో పడుతున్నాయి.

జూన్ 25

నిన్న రాసినదంతా చదివాను. ఒక ముసలావిడ కోసం చేశాను. ఇంకెవరైనా అదే చేస్తారు. ఒక్క పాటతో కొంపలేం మునిగిపోవు.

మా ఆవిడ మాట్లాడటం లేదు. ఒట్టు సంగతి కూడా ఎత్తలేదు. షాపుకి మామూలుకంటే ముందే వెళ్లిపోయింది.

పిచ్చుక పీట వేసుకుని కూర్చుంది, దువ్వెన నా చేతికిచ్చింది. రాత్రి నిద్ర సరిగ్గా లేక నాకు తల బరువుగా ఉంది. మూడు పాయలు తీశాను. అలవాటుగా ఈల మొదలుపెట్టాను.

తల పక్కకి లాక్కుంది.

"నాన్నా, చచ్చిపోయినాయన పాట నా జడకి వద్దు."

నవ్వబోయాను. "పిచ్చిమొహమా, ఇది మన పాట కదే! నీ జడ కోసం నేను కట్టింది. నీకు తెలీదూ?"

నా వైపు తిరిగింది. కోపం లేదు దాని మొహంలో. లెక్క తప్పు చేసిన పిల్లాడికి విడమరిచి చెప్పే టీచరులా చూసింది.

"మరి అంత మందిలో నువ్వే చెప్పావుగా ఆయనదని? నేను పక్కనున్న ఆంటీతో మా నాన్నదని చెప్పాను. ఆవిడ నవ్వింది. నువ్వు చెప్పింది విని, అబద్ధాలాడకూడదమ్మా అంది నాతో."

ఏం చెప్పాలి? నాది అనాలి. మూడు అక్షరాలు కూడా లేవు. నోరు తెరిచాను. వదిన మొహం గుర్తొచ్చింది, గోడ అవతలి రేడియో గుర్తొచ్చింది. దేనికి నేను ఒట్టు వేయగలనో నాకే తెలియలేదు. దువ్వెన పట్టుకుని అలాగే నిలబడ్డాను.

అది కాసేపు చూసింది. తర్వాత రిబ్బను నా భుజం మీంచి తీసుకుని, జుట్టు విరబోసుకునే స్కూలుకి వెళ్లిపోయింది.

జూన్ 26

జడ వాళ్లమ్మ వేసింది. ఈల లేదు, ఏమీ లేదు. రిబ్బను ముడి పడుతున్నప్పుడు పిచ్చుక ఊపిరి బిగబట్టలేదు.

జూన్ 29

ఇంట్లో ఎవరూ లేరు. అద్దం ముందు నిలబడి, నాది అనుకుని ఒక్కసారి ఆ పాట ఈల వేసి చూద్దామనుకున్నాను. నా ఇల్లు, నా అద్దం, టేపు తిరగని చోటు. ఎవరి మొహమాటమూ లేదు.

పెదాలు గుండ్రంగా పెట్టాను. ముందు దగ్గొచ్చింది, రెండుసార్లు. జలుబు కాదు. అవి రెండూ అయ్యాకే పాట మొదలైంది, చాలా బాగా వచ్చింది, రిబ్బను లేకుండానే సరిగ్గా ఆ చోట ఆగింది. ఇంత బాగా నేను ఎప్పుడూ వేయలేదు.

రేపు రిహార్సల్‌కి తొందరగా వెళ్లాలి. వదిన కొత్త డబ్బా తీయించిందట.